ఫొటో కింది మాట

2009లో ఒక ఆదివారం పొద్దున అయిదు ఫొటోలు కవర్లో పెట్టుకుని, హైదరాబాద్‌లో ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు కూడే ఒక చోటికి వెళ్లాను. ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు. ఉర్దూలో విన్నది తెలుగులో రాసే పత్రిక ఉద్యోగం నాది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న యాషికా కెమెరాతో సెలవు రోజుల్లో ఫొటోలు తీయడం ఒక పిచ్చి. తీయడానికి మనుషులు దొరకనప్పుడు నన్ను నేనే తీసుకునేవాణ్ని. కెమెరాను కిటికీ గూట్లో పెట్టి, సెల్ఫ్ టైమర్ తిప్పి, పది సెకన్లలో వచ్చి కుదురుకోవాలి. లుంగీ మీద చాయ్ తాగుతూ ఒకటి, గడ్డం గీసుకుంటూ ఒకటి, వంటింటి గడపలో ఒకటి, మేడ మీద ఆరేసిన బట్టల మధ్య ఒకటి, పేపరు చదువుతూ ఒకటి. గొప్ప ఫొటోలేం కావు. అయినా చూసినవాళ్లు నాలుగు మంచిచెడ్డలు చెబుతారని ఆశ.

చెప్పారు. మొదటాయన వెలుగు చాల్లేదన్నాడు. నిజమే, ఒప్పుకున్నాను. రెండో ఆయన నన్నూ ఫొటోల్నీ మార్చి మార్చి చూసి, ‘మీరసలు ముస్లింలా కనబడరండీ’ అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. మూడో ఆయన ఉపాయం చెప్పాడు. ‘తెల్ల టోపీ, లాల్చీ పైజామా వేసుకుని మక్కా మసీదు ముందు పావురాల మధ్య కూచోండి. అప్పుడు ఫ్రేముకు ఒక అర్థం వస్తుంది’ అన్నాడు. అంటే మా ఇంట్లో చాయ్ తాగే నాకు అర్థం లేదన్నమాట. టోపీ లేకపోతే నేను ముస్లింని కాను. టోపీ ఉంటే ముస్లింని తప్ప మరేమీ కాను.

చివరగా ఒక పెద్దమనిషి. అయిదు ప్రింట్లూ బల్ల మీద వరసగా పేర్చి చాలాసేపు చూశాడు. ‘తమ్ముడూ, బట్టలు మారినయి, జాగా మారింది. నువ్వు మాత్రం అన్నిట్ల ఒక్కతీరుగనే ఉన్నవు. కెమెరాకు నేరుగ, చేతులు దగ్గర పెట్టుకుని. ఎవరో పట్టుకొచ్చి నిలబెట్టినట్టు. నీ ఇంట్ల నువ్వు ఎవరికి భయపడుతున్నవ్?’ అన్నాడు.

మిగతా వాళ్ల మాటలు ఆ రోజే మర్చిపోవచ్చు. ఈ ప్రశ్న మాత్రం వదల్లేదు. దానికి జవాబు నా ఒక్కడి జీవితంలో దొరకదని తర్వాత అర్థమైంది. కెమెరా ముందు మనల్ని ఎవరు నిలబెట్టారు, ఆ ఫొటో కింద ఎవరు ఏం రాశారు అన్నది ఒక చరిత్ర. ఆ చరిత్రలోకి కొంచెం పోయి చూద్దాం.

కెమెరా పుట్టగానే మనిషి చేసిన పనుల్లో తన ఫొటో తాను తీసుకోవడం ఒకటి. 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే యువకుడు ఇంటి దుకాణం వెనక కెమెరా పెట్టి, ముందుకొచ్చి నిలబడ్డాడు. దీపాల వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. జుట్టు చెదిరి ఉంది, మనిషి ఫ్రేము మధ్యలో కూడా లేడు. నేటి మన క్లబ్బుల్లో చూపిస్తే తిప్పి పంపేవాళ్లే. కానీ నిలిచి ఉన్న స్వీయ ఛాయాచిత్రాల్లో మొదటిది అదే.

మరుసటి ఏడాది, 1840లో, ఫ్రాన్సులో ఇపొలిత్ బయార్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఫొటో తీసే పద్ధతి ఒకటి ఆయన కూడా సొంతంగా కనిపెట్టాడు. ప్రభుత్వం మాత్రం గౌరవమూ పెన్షనూ డాగేర్‌కు ఇచ్చి బయార్‌ను పక్కన పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని, ఒంటి మీద సగం బట్టతో, నీళ్లలో మునిగి చచ్చిన శవంలా తన ఫొటో తానే తీసుకున్నాడు. ఆ ఫొటో వెనక, ఈ దురదృష్టవంతుడు ప్రభుత్వ నిరాదరణతో ప్రాణం తీసుకున్నాడనే అర్థం వచ్చేట్టు రాశాడు. శవం అబద్ధం, ఫిర్యాదు నిజం. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ బొమ్మకు బలం వచ్చింది బొమ్మ వల్ల కాదు, వెనక రాసిన మాట వల్ల. ఆ మాట రాసింది బొమ్మలో ఉన్నవాడే.

మన దేశంలో ఈ రెండోదే మనకు దక్కలేదు. కెమెరా ఎంతో ఆలస్యం కాకుండానే వచ్చింది. బొంబాయిలో 1854లో, కలకత్తా, మద్రాసుల్లో 1856లో ఫొటోగ్రాఫిక్ సొసైటీలు పెట్టుకున్నారు. సభ్యుల్లో ఎక్కువమంది తెల్లదొరలు, కొద్దిమంది మనవాళ్లు. ఒకరు తీసిన ఫొటోలు ఇంకొకరికి చూపించి బాగోగులు చెప్పుకునేవాళ్లు. అంటే నేను కవరు పట్టుకుని వెళ్లిన సభకు ముత్తాత ఆ సొసైటీయే. అక్కడ కళ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడరని అనుకుంటాం. బెంగాల్ సొసైటీ కోశాధికారి రాజేంద్రలాల్ మిత్రా 1857లో ఒక బహిరంగ సభలో నీలిమందు తోటల దొరల దాష్టీకాన్ని విమర్శించాడు. సొసైటీ ఆయన్ను వెళ్లగొట్టింది. ఆయన ఫొటోల్లో వెలుగు తక్కువైందని కాదు, నోట్లో మాట ఎక్కువైందని. ఫొటో బాగుందా లేదా అని తీర్పు చెప్పే చోట, నువ్వెవరు, ఎవరి పక్షం అన్న తీర్పు కూడా నడుస్తుందని ఆనాడే తేలిపోయింది.

అదే కాలంలో లక్నోలో అహ్మద్ అలీ ఖాన్ ఉన్నాడు. ఛోటే మియా అంటారు. హుసేనాబాద్ ఇమాంబారా దరోగా. ఇంగ్లీషువాళ్ల దగ్గర ఫొటో విద్య నేర్చుకుని, 1857కు ముందు లక్నోలో ఉన్న దొరల్నీ దొరసానుల్నీ వాళ్ల పిల్లల్నీ ఆయనే ఫొటోలు తీశాడు. తిరుగుబాటు వచ్చాక మాత్రం తిరుగుబాటుదారుల వైపు వెళ్లాడు. లక్నో ముట్టడిలో చనిపోయిన కొందరు తెల్లవాళ్ల ముఖాలు ఈ ముస్లిం తీసిన బొమ్మల్లోనే మిగిలాయి. ఆ ఆల్బం ఇవాళ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మనవాడు వాళ్ల ముఖాల్ని మనుషుల ముఖాలుగా తీశాడు.

వాళ్లు మన ముఖాల్ని ఎట్లా తీశారు? 1857 అయిపోయాక ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేసింది. 1868లో మొదలై 1875లో పూర్తయింది. అందులో మనిషికి పేరు కంటే కులం ముఖ్యం, తెగ ముఖ్యం, మతం ముఖ్యం. ప్రతి ఫొటోకూ ఒక వ్యాఖ్య. ఈ జాతి నమ్మదగ్గది, ఈ జాతి దొంగలది, వీళ్లు విధేయులు, వీళ్లు మతమౌఢ్యం తలకెక్కినవాళ్లు అనే ధోరణి. బొమ్మలో నిలబడ్డవాడికి ఆ భాష రాదు. తన కింద ఏం రాశారో తెలియకుండానే వాడు చచ్చిపోయి ఉంటాడు.

ఈ పుస్తకాన్ని ఒక ముస్లిం పెద్దమనిషి చూశాడు. 1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకుల్ని తీసుకుని లండన్ వెళ్లాడు. అక్కడినుంచి రాసిన లేఖల్లో ఒకచోట ఈ సంగతి చెప్పుకున్నాడు. ఇండియా ఆఫీసులో కొడుకు సయ్యద్ మహమూద్ ఆ బొమ్మలు తిరగేస్తుండగా ఒక ఇంగ్లీషు యువకుడు వచ్చి, నువ్వు హిందుస్తానీవా అని అడిగాడట. కుర్రాడి ముఖం ఎర్రబడింది. అవునన్నాడు. అని ఊరుకోలేదు. నేను అక్కడి ఆదివాసుల్లో ఒకణ్ని కాను, మా పూర్వీకులు వేరే దేశం నుంచి వచ్చినవాళ్లు అని వెంటనే సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆ పుస్తకంలో మన మనుషుల్ని చూపిన తీరుకు తండ్రి కుమిలిపోయాడు.

ఈ సంఘటన దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. ఆ తండ్రీ కొడుకుల అవమానం నాకు అర్థమవుతుంది. ఆ సంజాయిషీ మాత్రం నాది కాదు. మా తాత నల్గొండ పల్లెలో పత్తి ఏకి పరుపులు కుట్టినవాడు. ఏ అరబ్బు దేశం నుంచీ రాలేదు, ఏ ఇరాన్ నుంచీ రాలేదు. ఆ పుస్తకంలో అర్ధనగ్నంగా నిలబడ్డవాడు మా తాత లాంటివాడే. ‘నేను వాళ్లలో ఒకణ్ని కాను’ అని ఆ కొడుకు తప్పుకున్నాడు. ‘నువ్వు వాళ్లలా కనబడవు’ అని మా క్లబ్బులో ఆయన నన్ను తప్పించాడు. నూట నలభై ఏళ్ల తేడా ఉన్నా రెండు మాటలూ ఒక్కటే. ఆ బొమ్మ తప్పు అని ఇద్దరూ అనలేదు. ఆ బొమ్మలో ఈ మనిషి లేడు అన్నారంతే. బొమ్మ అలాగే ఉండిపోయింది. పైగా ఇందులో మన ఇంటి దోషం కూడా ఉంది. సయ్యదు, పఠాను అని చెప్పుకోగలిగినవాళ్లు తప్పుకుంటే, ఆ ఫ్రేములో మిగిలేది దూదేకులవాడూ కసాబూ ఫకీరే కదా.

సొంత ఫొటో తీసుకుని కింద సొంత మాట రాసుకున్న ముస్లింలు ఆ కాలంలో లేరా? ఉన్నారు, రాజులు. ఇరాన్‌ను 1848 నుంచి 1896 వరకు ఏలిన నాసిరుద్దీన్ షాకు ఫొటోలంటే పిచ్చి. తన జనానాను తీశాడు, తనను తాను తీసుకున్నాడు, చాలా బొమ్మలకు తన చేతి రాతతోనే వివరాలు రాసుకున్నాడు. టెహ్రాన్ గులిస్తాన్ మహల్‌లో ఆ ఆల్బంలు ఉన్నాయి. టర్కీ సుల్తాన్ అబ్దుల్ హమీద్ 1893లో అమెరికాకు, బ్రిటన్‌కు పెద్ద పెద్ద ఆల్బంలు బహుమతిగా పంపాడు. అందులో హరెంలూ ఒంటెలూ కాదు, బళ్లూ ఆసుపత్రులూ సైనికులూ పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలూ ఉన్నారు. మమ్మల్ని మీరు తీసినట్టు కాదు, మేం ఇట్లా ఉంటామని చెప్పడం అది. ఇక్కడ జైపూర్ రాజా సవాయి రాంసింగ్ కూడా అంతే. ఒకసారి రుద్రాక్షలతో శివభక్తుడిగా, ఇంకోసారి దర్జాగా రాజు వేషంలో తన ఫొటోలు తీసుకున్నాడు. ఒకే మనిషి నాలుగు రకాలుగా ఉండవచ్చన్న హక్కు రాజుకు ఉంది. పరుపులు కుట్టేవాడికి లేదు. తేడా మతంలో కంటే చేతిలో కెమెరా ఉండటంలో, కింద రాసే కలం ఉండటంలో ఉంది.

హైదరాబాద్ సంగతికొద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్‌కు రాజా ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే రూపాలు దిద్దేవాడు. అల్లా తొంభై తొమ్మిది పేర్లలో అల్ ముసవ్విర్ ఒకటి, ఖురాన్‌లో హష్ర్ సూరాలో ఉంది. అదే మాటను ఒక ముస్లిం పాలకుడు ఒక జైన ఫొటోగ్రాఫర్‌కు బిరుదుగా ఇచ్చాడు. ఇస్లాం అంటే బొమ్మల మీద పగ అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు దీన్ని గమనించాలి. అదే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ దాన్ని నడిపింది. మగవాళ్లకు ప్రవేశం లేదు. ఘోషా స్త్రీలు వచ్చి తమకు నచ్చిన తీరుగా కూచుని ఫొటోలు తీయించుకుని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. బాగుందో లేదో చెప్పే హక్కు ఇంటివాళ్లకే. పరదా అంటే కెమెరా వద్దనడం కాదు, బయటివాడి తీర్పు వద్దనడం. అయితే ఇది కూడా ఉన్నవాళ్ల ఇళ్ల ముచ్చటే. బీడీలు చుట్టే తల్లులకు అట్లాంటి స్టూడియో ఎన్నడూ లేదు.

మతంలో వాదం లేదా అంటే ఉంది, బలంగానే ఉంది. ప్రాణమున్న వాటి రూపాలు చేయడాన్ని నిషేధించే హదీసులు ఉన్నాయి. ఫొటో ఆ కిందికి వస్తుందా రాదా అన్నదే తగాదా. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్, ఫొటో కొత్త రూపం సృష్టించడం కాదు, ఉన్న నీడను పట్టి నిలపడమే కాబట్టి తప్పు లేదన్నాడు. మన దగ్గర సయ్యద్ సులేమాన్ నద్వీ ఫొటోను సమర్థిస్తూ వ్యాసం రాస్తే, దేవ్‌బంద్ ముఫ్తీ ముహమ్మద్ షఫీ కూడదని జవాబు రాశాడు. మౌలానా ఆజాద్ 1912లో మొదలుపెట్టిన ‘అల్ హిలాల్’లో ఫొటోలు అచ్చయ్యేవి. ఉర్దూలో అక్స్ అంటే అద్దంలో కనిపించే ప్రతిబింబం, ఫొటోకూ అదే మాట. అద్దం చూసుకోవడం పాపం కాకపోతే అక్స్ ఎట్లా పాపం అన్నది ఒక పక్షం. మా అబ్బా మాత్రం రెండో పక్షం. పెళ్లిళ్లలో కెమెరా కనబడితే లేచి బయటికి పోయేవాడు.

అయినా మా అబ్బా ఫొటో ఒకటుంది, ఒక్కటే. 1996లో హజ్‌కు పోవడానికి పాస్‌పోర్టు కోసం తీయించుకున్నది. బొమ్మ వద్దన్న మతం కోసమే, ఆ మతం కేంద్రానికి చేరుకోవడానికే, బొమ్మ తప్పలేదు. తల తిప్పకు, నవ్వకు, నేరుగా చూడు అని స్టూడియోవాడు చెప్పి ఉంటాడు. నేరస్థుల్ని ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీసే పద్ధతిని 1880లలో ప్యారిస్ పోలీసు శాఖలో బెర్తియోఁ అనే అధికారి ఒక క్రమంలో పెట్టాడు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంతో పాస్‌పోర్టు ఫొటో వచ్చింది. మన దేశంలో 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డు తెచ్చింది. బస్తీల్లో బురఖా ఎత్తి కెమెరా ముందు కూచున్న తల్లుల్లో చాలామందికి అదే మొదటి ఫొటో. పేదవాడి మొదటి ఫొటో తనకోసం కాదు, అధికారి కోసం. చూసి చెప్పే మాట కూడా ఒక్కటే, అవును వీడే, లేక కాదు వీడు కాదు.

ఇక నా పాపం చెప్పుకోవాలి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ నుంచి పదుల కొద్దీ ముస్లిం యువకుల్ని పట్టుకుపోయారు. డెస్కులో నైట్ డ్యూటీలో ఉన్న నా ముందుకు ఒక కుర్రాడి పాస్‌పోర్టు సైజు ఫొటో వచ్చింది. దాని కింద క్యాప్షన్ నేనే రాశాను. ‘నిందితుడు’ అన్న మాట కూడా కాదు, అంతకంటే పెద్ద మాట రాశాను. రాయకపోతే, సొంతవాళ్లని కాపాడుతున్నాడంటారని భయం. ఆ యువకుల్లో చాలామంది తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2011-12లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొందరికి నష్టపరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నేను రాసిన క్యాప్షన్‌ను మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ రాసిన దొర చనిపోయి వందేళ్లు దాటినా, ఆయన కలం ఆ రాత్రి నా చేతిలో ఉంది. మన గురించి ఇతరులు రాశారని ఏడవడం తేలిక. మనమే రాసిన రోజులు కూడా ఉన్నాయి.

క్లబ్బు నుంచి ఇంటికి వచ్చి ఆ ఫొటోలు అమ్మీకి చూపించాను. చదువు రాదు, ఫొటోగ్రఫీ తెలియదు. ఒక్కొక్కటే కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ‘తేరే అబ్బా జైసా ఖడా హై’ అంది. మీ నాన్న నిలబడ్డట్టే నిలబడ్డావు అని. అబ్బా పాస్‌పోర్టు ఫొటో తీసి పక్కన పెట్టాను. నిజమే. అవే చేతులు, అదే మెడ, అదే బెదురు. నా ఇంట్లో నేను ఎవరికి భయపడుతున్నానో అప్పుడు తెలిసింది. అబ్బాను ఆ స్టూడియోలో నిలబెట్టిన కన్నే నా కిటికీ గూట్లో కూచుని ఉంది. మీట నొక్కింది నేనే కావచ్చు, నిలబడింది మాత్రం వాళ్లు చెప్పినట్టే.

పెద్దమనిషి చెప్పిందీ అమ్మీ చెప్పిందీ ఒకటే. ఆయనకు కళ తెలుసు, ఆమెకు మనిషి తెలుసు. మన ఫొటో ఎవరికి చూపించాలో ఆ ఇద్దరి దగ్గర నేర్చుకున్నాను. నువ్వు ముస్లింలా ఉన్నావా లేవా అని కొలిచేవాడికి కాదు. నువ్వు నీలా ఉన్నావా అని అడిగేవాడికి.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది. బస్తీ పిల్లలు రోజుకు పది ఫొటోలు తీసుకుంటున్నారు. సంతోషమే. తాతకు దక్కనిది మనవడికి దక్కింది. కానీ కెమెరా చేతికొచ్చినంత మాత్రాన చూపు మనదైపోదు. టోపీ పెట్టుకోండి, పెట్టుకోకపోండి. నవ్వండి, పక్కకు తిరగండి, పని చేసుకుంటూ ఉండండి. తీసుకున్నవాటిలో ఒకటో రెండో కాగితం మీద ప్రింటు వేయించండి. వెనక పేరు, ఊరు, సంవత్సరం, ఏం పని చేస్తుండగా తీసుకున్నారో మీ భాషలో మీ చేత్తో రాయండి. అమ్మలకు రాయడం రాకపోతే వాళ్లు చెప్పింది చెప్పినట్టు మీరు రాయండి. రేపు ఎవడో ఆ ఫొటో కింద ఇంకో మాట రాయబోతే, తిప్పి చూపించడానికి ఒక మాట ఉండాలి.

అబ్బా పాస్‌పోర్టు ఫొటో వెనక మొన్న నేను రాశాను. పేరు రాశాను, ఊరు రాశాను, పరుపులు కుట్టేవాడని రాశాను. ఫొటో అంటే ఇష్టం లేదని కూడా రాశాను.